గాలి వాయవ్యానికి తిరిగిందా?

మా నాన్న సంవత్సరీకానికి 2023 డిసెంబరు మొదట్లో పిల్లలిద్దర్నీ వెంటబెట్టుకుని కావలి వెళ్లాను. బడి మధ్యలో పది రోజులు మానిపించడం తేలిక కాదు. అయినా తాతకు మా అన్న పిండం పెడుతుంటే వాళ్లు దగ్గర కూర్చుని చూడాలన్నది నా కోరిక. మేం దిగిన మూడో రోజుకే మిచౌంగ్ తుఫాను వచ్చి పడింది.

అమ్మ ఎవరికీ ఏమీ చెప్పకుండానే పనిలో పడింది. బిందెలూ బకెట్లూ నింపింది. బియ్యం డబ్బా బల్ల మీదికి ఎక్కించింది. అగ్గిపెట్టెను ప్లాస్టిక్ కవర్లో చుట్టి దేవుడి గూట్లో పెట్టింది. సాయం చేద్దామని నేను లేచేసరికే మా పెద్దది ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ ఛార్జింగ్ పెట్టేసి, టార్చిలైట్లు ఒక్కొక్కటే వెలిగించి చూస్తోంది. దానికి పద్నాలుగేళ్లు. అమ్మ పని ఆపి దాన్నే చూస్తూ, "దీనికి ఇయ్యన్నీ ఎవురు నేర్పిచ్చినారు మే?" అంది.

నేను పనిగట్టుకుని నేర్పిందేమీ లేదు. మేముండేది అమెరికాలో బోస్టన్ పక్కన క్విన్సీలో, సముద్రానికి నాలుగు వీధుల ఇవతల. కావలికి లాగే అక్కడా సముద్రం తూర్పునే ఉంటుంది. చలికాలంలో వచ్చే పెద్ద తుఫాన్లను అక్కడివాళ్లు నారీస్టర్ అంటారు, ఈశాన్యం నుంచి కొట్టే గాలి కాబట్టి. 2018 జనవరి 4న వచ్చిన తుఫానులో బోస్టన్ రేవులో పోటు పదిహేను అడుగులు దాటింది. అంతకుముందు 1978 ఫిబ్రవరి మంచు తుఫానుదే పెద్ద పోటు, దాన్ని కూడా మించిపోయింది. మంచుగడ్డలతో కలిసి సముద్రం వీధుల్లోకి వచ్చింది. ఆ నీళ్లు తీసేలోపే చలి ముదిరి గడ్డకట్టాయి. మర్నాడు చూస్తే కార్ల చక్రాలు సగం దాకా మంచులో బిగుసుకుపోయి ఉన్నాయి. ఉప్పునీళ్లు కూడా గడ్డకడతాయని చెబితే అమ్మ నమ్మలేదు. సున్నా కింద రెండు డిగ్రీలకు దగ్గర్లో కడతాయని మా చిన్నోడు ఫోటోలు తీసి చూపించాడు.

అక్కడి చలి సంగతి అమ్మకు అప్పటిదాకా సరిగ్గా చెప్పలేదు, భయపడుతుందని. కరెంటు పోయిన ఆ రాత్రి దీపం ముందు కూర్చుని పిల్లలే చెప్పేశారు.

2023లోనే, ఫిబ్రవరి 4, శనివారం. బోస్టన్‌లో సున్నా కింద ఇరవై మూడు డిగ్రీలు. అంత చలి వస్తుందని ముందు రోజే అక్కడి ప్రభుత్వ బడులు మూసేశారు. చలికి బడి సెలవా అని అమ్మ ఆశ్చర్యపోయింది. దానికి గాలి కూడా తోడైతే చలి ఇంకెంత పెరుగుతుందో పెద్దది చెప్పింది: "నువ్వు కాఫీ ఊదుకుని తాగుతావు కదా అమ్మమ్మా, గాలి మన ఒంటిని అట్లా ఊదేస్తుంది." ఆ పొద్దున చిన్నోడు చెత్త డబ్బా లోపలికి లాక్కొస్తానని తొడుగుల్లేకుండా బయటికి పరిగెత్తాడు. మూత గడ్డకట్టి రాకపోతే దానితో కాసేపు కుస్తీ పట్టాడు. లోపలికి వచ్చాక చూస్తే మూడు వేళ్ల కొసలు మైనంలా తెల్లగా పాలిపోయి ఉన్నాయి. "నొప్పిగా ఉందా నాన్నా?" అంటే, "లేదమ్మా, ఏమీ తెలియట్లేదు" అన్నాడు.

నా గుండె జారిపోయింది. వాడి చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకుని గబగబా రుద్దబోయాను. చిన్నప్పుడు వానలో తడిసొస్తే అమ్మ నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టి అరచేతులు అట్లాగే రుద్దేది. నాకు తెలిసిన వైద్యం అదొక్కటే. పెద్దది ఒక్క అంగలో వచ్చి నా మణికట్టు పట్టుకుంది. "రుద్దకమ్మా, లోపల కండ దెబ్బతింటుంది. హీటర్ దగ్గరా పెట్టకు, వాడికి వేడి తెలియదు, కాలిపోతుంది." బడిలో చెప్పారట. గిన్నెలో గోరువెచ్చని నీళ్లు పట్టి, మోచెయ్యి ముంచి చూసుకుని, తమ్ముడి వేళ్లు అందులో పెట్టింది. పావుగంటకు తెలుపు పోయి ఎరుపెక్కాయి. అప్పుడు మొదలైంది వాడి ఏడుపు. ఆ ఏడుపు విని నేను బతికాననుకున్నాను.

ఇదంతా విని అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. చిన్నోడి చెయ్యి లాక్కుని ఒక్కో వేలూ తడిమి చూసింది. తర్వాత పెద్దదాని తల నిమిరి, "నువ్వుండాలమ్మా ఆ ఇంట్లో" అంది.

బయట గాలి పెరిగింది. పెద్దది కిటికీ సందులో వేలు పెట్టి, "ఇది నార్త్ కదా?" అంది. "ఉత్తరమే. తుఫాను ఇంకా సముద్రంలోనే ఉండాది. గాలి పడమటికి తిరిగితే మనల్ని దాటిపోయినట్టు" అంది అమ్మ. పెద్దది లేచి కూర్చుంది. మా దగ్గరా అంతే అమ్మమ్మా, మొదట ఇటు, తుఫాను వెళ్లిపోయాక ఇటు అని చేత్తో చూపించింది. దిక్కుల పేర్లు దానికి రావు. ఆదివారం తెలుగు బడిలో ఎనిమిది దిక్కులూ రెండేళ్లు వల్లె వేయించినా నిలవలేదు. అమ్మ దాని చెయ్యి పట్టుకుని, "ఇది ఈశాన్యం. ఇది వాయవ్యం" అని తిప్పి చూపించింది. ఈశాన్యం గాలి సముద్రాన్ని ఇంటి మీదికి తోస్తుందనీ, వాయవ్యం గాలి తుఫానును సాగనంపి చలిని తెస్తుందనీ పెద్దది తడబడుతూ తెలుగులోనే చెప్పింది.

అప్పుడు అమ్మ 1989 నవంబరు 8 రాత్రి సంగతి ఎత్తింది. థాయిలాండ్ వైపు పుట్టి, బంగాళాఖాతమంతా దాటి వచ్చి మా కావలి దగ్గరే తీరం తాకిన తుఫాను అది. అప్పటికి నేను మూడో తరగతి. హోరు ఒక్కసారిగా ఆగిపోయింది. అయిపోయిందనుకుని నాన్న గడియ తీయబోతే అమ్మ రెక్క పట్టుకుని వెనక్కి లాగింది. కాసేపటికి ఎదుటి వైపు నుంచి గాలి విరుచుకుపడి వసారా రేకులు లేపుకుపోయింది. "అది తుఫాను కన్ను" అంది పెద్దది. "మేం నడిమిట్లో ఉన్నామనుకున్నాం, పేరు తెలియదమ్మా" అంది అమ్మ.

మర్నాడు మధ్యాహ్నం మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. మా ఇంట్లో పోయింది కొబ్బరి మట్టలూ, పెరటి గోడ ఒక మూలా. సంవత్సరీకం ఆ బురదలోనే జరిగింది.

జనవరి మొదటి వారాంతానికి క్విన్సీలో తుఫాను. ఆదివారం రాత్రి అమ్మ ఫోన్ చేసింది, కావలిలో అప్పుడే తెల్లవారింది. నన్ను పలకరించనైనా లేదు, పెద్దదానికి ఇమ్మంది.

"గాలి వాయవ్యానికి తిరిగిందా?"

పెద్దది కిటికీ దగ్గరికి వెళ్లి ఎదురింటి జెండా వంక చూసింది. "ఇంకా లేదు అమ్మమ్మా. ఉత్తరమే."

"అయితే కారు తీయొద్దని మీ నాన్నకు చెప్పు. తీసినా ముందు పొగ గొట్టం దగ్గర మంచు తియ్యమను. తలుపులేసుకుని కుంపటి పెట్టుకున్నట్టే అది."

ఆ పొగ గొట్టం సంగతి అమ్మకు నేనెప్పుడూ చెప్పలేదు. 2013 ఫిబ్రవరి మంచు తుఫానులో బోస్టన్‌లో ఒక పిల్లాడు చలికి కారెక్కి కూర్చున్నాడు, గొట్టానికి మంచు అడ్డంపడి విషవాయువు లోపలికే తన్ని చనిపోయాడు. అప్పటినుంచీ మా ఇంట్లో ముందు ఆ గొట్టం చూశాకే తాళం తిప్పాలి. ఎప్పుడు చెప్పావే అని పెద్దదాన్ని అడిగాను.

"కరెంటు పోయిన రాత్రే. నువ్వు నిద్రపోయాక" అంది, ఫోన్ చెవికి అట్లాగే ఆనించుకుని.