రెండో రౌండ్ ఎవరిది?

2024 ఆగస్టు 4, అర్ధరాత్రి దాటింది. పారిస్ ఒలింపిక్స్‌లో 71 కిలోల బాక్సింగ్ క్వార్టర్ ఫైనల్, మన నిశాంత్ దేవ్‌కి, మెక్సికో కుర్రాడు మార్కో వెర్డేకి. విజయనగరంలో మా ఇంట్లో నేను, తమ్ముడు, మావయ్య నిద్ర మానుకుని టీవీ ముందు కూర్చున్నాం. ఇది గెలిస్తే పతకం ఖాయం. మొదటి రౌండ్ నిశాంత్‌కే ఇచ్చారు, ఇక గెలిచేశాడనుకున్నాం. చివరికి చూస్తే ఐదుగురు జడ్జీల్లో నలుగురు వెర్డే వైపే, 4-1తో అతని చెయ్యి పైకి లేచింది. తమ్ముడు రిమోట్ విసిరికొట్టి బయటికి వెళ్లిపోయాడు. నేను మోసం, అన్యాయం అని తెలిసిన గ్రూపులన్నిటిలో రాసేశాను. మావయ్య మాత్రం "ఏటిరా, ఒకలికి అలాగ, ఇంకొకలికి ఇలాగ కనిపిస్తే అది గెలుపేటి? మా గోదాలో అయితే వీపు చూసీవోళ్లం" అన్నాడు.

మావయ్య కుర్రతనంలో కుస్తీ నేర్పే తాలింఖానాకి వెళ్లేవాడు. తెల్లవారుజామునే పారతో గోదా మట్టి తిరగేసి, దండీలు బస్కీలు తీశాకే వస్తాదు పట్టుకి రానిచ్చేవాడట. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో కండ పెంచిన కోడి రామమూర్తి నాయుడి పేరు రాకుండా ఆ కబుర్లు ఎప్పుడూ పూర్తికావు. పాయింట్లు లేవు, ఎదుటివాడి వీపు నేలకి తాకించాలి, అంతే. పడినవాడు లేచి "తాకలేదు" అని మొండికేస్తే వస్తాదు వాణ్ణి భుజం పట్టుకుని జనం వైపు తిప్పేవాడట. చెమటకి అంటుకున్న ఎర్రమట్టి వీపు రెండు రెక్కల మీదా కనిపిస్తే ఇక మాటల్లేవు, ఒక రెక్కకే ఉంటే మళ్లీ పట్టు.

వింటుంటే ఎంత బాగుంటుందో. కానీ అసలు వీపు చూపించనివాణ్ణి ఏం చెయ్యాలి? 1910లో లండన్‌లో మన గామా పహిల్వాన్‌తో తలపడిన పోలండ్ వస్తాదు జిబిస్కో చేసింది అదే. కుస్తీ రెండున్నర గంటలు దాటింది, అందులో ఎక్కువసేపు బోర్లా పడుకునే ఉన్నాడు, గామా ఎంత లాగినా వెల్లకిలా తిరగలేదు. డ్రా అన్నారు. వారం తర్వాత మళ్లీ పెడితే జిబిస్కో రాలేదు, గామానే విజేత అన్నారు. మొదటి రోజే గామా గెలిచినట్టు అంటాడు మావయ్య. నేను ఒప్పుకోను. వెల్లకిలా పడలేదంటే పడలేదు, మన గామా అని రూలు మార్చేస్తామా?

బాక్సింగ్‌లో దెబ్బకి మట్టి అంటదు. 1988 సియోల్ ఫైనల్లో అమెరికావాడు రాయ్ జోన్స్ 86 దెబ్బలు తగిలిస్తే కొరియావాడు పార్క్ సి-హున్ తగిలించినవి 32, అయినా 3-2తో బంగారం పార్క్‌కి ఇచ్చారు. అదే ఒలింపిక్స్‌లో ఉత్తమ బాక్సర్ ట్రోఫీ ఓడిన జోన్స్‌కే ఇచ్చారంటే వాళ్లకి తెలియకనా? 2023లో పార్క్ తనంతట తనే జోన్స్ దగ్గరికి వెళ్లి ఆ పతకం ఇచ్చేశాడు. 35 ఏళ్లు దాన్ని ఇంట్లో పెట్టుకుని ఆయన ఎలా బతికాడో అనిపించింది నాకు.

2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సెమీఫైనల్ తీర్పు కొరియా అమ్మాయికి ఇచ్చారని మన బాక్సర్ సరితాదేవి ఏడుస్తూ తన కంచు పతకం తీసి ఆ అమ్మాయి మెడలో వేసినప్పుడు నాకూ కన్నీళ్లు ఆగలేదు. సరితకి ఏడాది నిషేధం వేశారు, అది ఘోరం అని ఇప్పటికీ అంటాను. కానీ ఆ కొరియా అమ్మాయి ఏం చేసింది పాపం, స్కోరు వేసింది ఆమె కాదుగా.

నిశాంత్ బౌట్ మర్నాడు పొద్దున్న ముగ్గురం మళ్లీ చూశాం, ఈసారి సౌండ్ పూర్తిగా తీసేసి. తమ్ముడి పాత నోట్‌బుక్‌లోంచి మూడు కాగితాలు చింపాం. రౌండ్ అవగానే ఎవరితోనూ మాట్లాడకుండా, గెలిచినవాడికి 10, ఓడినవాడికి 9 రాసి కాగితం బోర్లా పెట్టాలి. మూడో రౌండ్లో నిశాంత్ కాళ్లు బరువెక్కాయి, ముగ్గురం వెర్డేకే రాశాం, రాత్రి కామెంటరీ అరుపుల్లో నాకది కనిపించనేలేదు. రెండో రౌండ్ దగ్గరే తేడా వచ్చింది. నేనూ తమ్ముడూ నిశాంత్‌కి ఇచ్చాం, మావయ్య వెర్డేకి ఇచ్చాడు. "ముందుకెళ్లినోడు వేరు, తగిలించినోడు వేరు" అని ఆపి ఆపి చూపించాడు. గ్రూపుల్లో రాసిన "మోసం" అన్న మాట ఆ మధ్యాహ్నమే తీసేశాను. రెండో రౌండ్ మాత్రం ఇప్పటికీ నిశాంత్‌దే అంటాను. మావయ్య పైడితల్లి జాతరకి వచ్చినప్పుడు ఆ మూడు నిమిషాలు మళ్లీ పెడతాను.