కారు నెత్తి మీద నుంచి కదలని కట్ట గీత

నా కారు ఫొటోలో మళ్లీ అదే గీత! ఈసారి వెలుతురు చాలా బాగా దొరికింది. పొద్దు కుంకిన తర్వాత తూర్పున ఆకాశం అడుగున బూడిద నీలం, దాని పైన లేత గులాబీ పట్టీ. ఆ రంగంతా రొయ్యల గుంట నీళ్లలోనూ ఉంది. నెక్సా బ్లూ అనే ముదురు నీలం రంగు బాలెనోకి ఇంతకంటే మంచి వెనక తెర ఈ చుట్టుపక్కల దొరకదు. తీరా ఇంటికొచ్చి పెద్ద స్క్రీన్ మీద తెరిచి చూస్తే, గుంట అవతలి కట్ట నల్లగా వచ్చి సరిగ్గా కారు రూఫు అంచుకు అతుక్కుపోయింది. రూఫు ఎక్కడ అయిపోయిందో, కట్ట ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. అది చాలదన్నట్టు వెనక సీటు పైన నిటారుగా ఒక తాటిచెట్టు, రూఫుకి పిలక కట్టినట్టు.

చోటు ఎక్కడంటే, నెల్లూరు నుంచి మైపాడు వెళ్లే దారిలో ఇందుకూరుపేట దాటాక ఒక పక్క రోడ్డు. రోడ్డుకు తూర్పున గుంట, పడమర ఖాళీ స్థలం, ఆ తర్వాత కోసేసిన వరి మడి. సాయంత్రం ట్రాఫిక్ ఉండదు. కాపలా ఆయన మాత్రం వచ్చి, "ఏంది సార్, కారు అమ్మతా ఉండారా?" అని అడిగాడు. కాదని చెప్పాక తనే పక్కనున్న మేత సంచులు తీసి అవతల పెట్టాడు.

ఈ గీత సంగతి అంతు తేల్చాలని టేపు తీసుకెళ్లాను. బాలెనో ఎత్తు 150 సెంటీమీటర్లు. కారుకి, నాకు మధ్య 9 మీటర్లు. కారు నుంచి అవతలి కట్ట వరకు మ్యాప్‌లో కొలిస్తే దాదాపు 81 మీటర్లు. కట్ట పైభాగం, రోడ్డు ఇంచుమించు ఒకే మట్టం. ఇక్కడ లెక్క చాలా సులువు. చదునైన నేల మీద దిగంతం, అంటే నేలా ఆకాశం కలిసే గీత, ఎప్పుడూ కెమెరా ఎత్తులోనే కనపడుతుంది. కట్ట దిగంతం కంటే దగ్గర కాబట్టి కొంచెం దిగువన, నా దూరానికి కెమెరా ఎత్తులో పదో వంతు తగ్గి, కారు మీద పడుతుంది. అంటే నిలబడి కంటి దగ్గర, 165 సెంటీమీటర్ల ఎత్తులో కెమెరా పెడితే గీత 148 దగ్గర పడుతుంది. రూఫు 150. అతుక్కుపోదా మరి!

లెన్సు మార్చినా, జూమ్ చేసినా ఈ గీత ఒక్క అంగుళం కదలదు. దాన్ని కదిపేది కెమెరా ఎత్తు, నేను నిలబడే దూరం, ఈ రెండే. కారుని ఫ్రేములో మూడో వంతు దగ్గర పెట్టాలా, మధ్యలో పెట్టాలా అని అందరూ కొట్టుకుంటారు గానీ, కారు ఫొటోకి అంతకంటే ముఖ్యం వెనక గీత కారుని ఎక్కడ కోస్తోందన్నది. ఇది నా గట్టి అభిప్రాయం.

ట్రైపాడ్‌ని ఒక్కో ఎత్తులో పెట్టి తీశాను. 130 దగ్గర గీత కిటికీ అద్దాల మధ్యలోంచి పోయింది. ఈ అద్దంలోంచి ఆ అద్దంలోకి కనపడుతూ కారుని అడ్డంగా రెండు ముక్కలు చేసింది. 95 దగ్గర గీత 85కి దిగి, కిటికీల కింది అంచుకు కాస్త దిగువన, డోర్ మీది మడతకు దాదాపు సమాంతరంగా వచ్చింది. కంటికి ఇదీ అతుకులాగే ఉంది. 60 దగ్గర బండి అందంగా ఉంది, పొగరుగా నిలబడింది, రూఫు చుట్టూ అంతా ఆకాశమే. కానీ నీళ్లు బాడీ వెనక దాక్కుని, ముందూ వెనకా రెండు సన్నటి పీలికలు మిగిలాయి. నీళ్లు కనపడకపోతే ఇంత దూరం రావడం ఎందుకు? మా వీధి చివర తీసుకోవచ్చు.

ఇక పైకి. చేతులెత్తి, స్క్రీన్ కిందికి తిప్పి, 205 దగ్గర తీశాను. గీత 184కి లేచి రూఫు మీద జానెడున్నర పైన తేలింది. రూఫు వెనక మొత్తం నీళ్లే, గులాబీ రంగుతో. గీత సమస్య తీరింది. తాటిచెట్టు తీరలేదు.

అవతలి కట్ట మీద తాటిచెట్లు దాదాపు 30 మీటర్ల ఎడంలో ఉన్నాయి. 9 మీటర్ల నుంచి చూస్తే ఆ ఎడం కారు దగ్గర 3 మీటర్లుగా పడుతుంది. ముందూ పక్కా రెండూ కనపడే ముప్పావు కోణంలో బాలెనో నాలుగు మీటర్ల పైనే ఆక్రమిస్తుంది. కుడికి జరిగితే ఈ చెట్టు పోయి ఆ చెట్టు బానెట్ మీదికొస్తుంది, ఎడమకు జరిగితే ఇంకోటి. అక్కడ నిలబడినంతసేపూ ఒక తాడి రూఫు మీద ఉండాల్సిందే.

కాబట్టి 18 మీటర్లకి వెనక్కి పోయి, 55-250 జూమ్ లెన్సుని 70 ఎంఎం దగ్గర పెట్టాను. కారు సైజు 9 మీటర్ల దగ్గర 35 ఎంఎంలో వచ్చినంతే. చెట్ల మధ్య ఎడం మాత్రం అయిదున్నర మీటర్లయింది. కారు రెండు చెట్ల మధ్య హాయిగా ఇమిడింది! కానీ అంత వెనక్కి పోతే నేనుండేది మడిలో, అది రోడ్డు కంటే రెండడుగులు పల్లం. నేను చేతులెత్తినా రోడ్డు మట్టానికి 145 మాత్రమే. పైగా దూరం పెరిగితే గీత ఇంకా దిగుతుంది. లెక్క ప్రకారం 119, అంటే మళ్లీ అద్దాల మధ్యలోకి. దగ్గరకెళ్తే చెట్టు, దూరం పోతే గీత. నాకు తిక్క రేగింది ఇక్కడే.

ఫోన్‌లో చెట్టు చెరిపేయొచ్చుగా అని మా తమ్ముడన్నాడు. చెట్టు పోయినా నీళ్లలో దాని నీడ మిగులుతుంది, అదీ చెరిపితే అల చెదురుతుంది. చెరిపిన ఫొటో నాకు వద్దు. కారుని మడిలోకి దిగే ట్రాక్టర్ ర్యాంపు మీద పెట్టి కిందికి దించుదామా అనుకున్నాను గానీ, ముక్కు వంగి బ్రేకు వేసినట్టు కనపడుతుంది.

మిగతావన్నీ బాగా వచ్చాయి: ముందు చక్రం తిప్పి రిమ్ము ముఖం కెమెరాకు చూపించిన క్లోజప్, డ్యాష్‌బోర్డు వెలుగు, టెయిల్ ల్యాంపు.

పోలరైజర్, అంటే మెరుపు తగ్గించే ఫిల్టర్ గురించి ఒక మాట. నా కెనాన్ 200డీ మార్క్ 2 కెమెరాతో వాడే రెండు లెన్సులకీ 58 ఎంఎం సైజు ఫిల్టర్ సరిపోతుంది, అందుకే కేఅండ్ఎఫ్ కంపెనీది ఒక్కటే కొన్నాను. ఆ ధరకి అది చాలా మంచిది. పెయింటు మీద తెల్లటి మెరుపు తీసేసి అసలు నీలం బయటికి తెస్తుంది. అయితే పక్క అద్దాలు టెంపర్డ్ గ్లాసు (వేడి చేసి గట్టిపరిచిన గాజు) కావడంతో ఒక్కో కోణంలో మచ్చలు మచ్చలుగా ఇంద్రధనుస్సు రంగులు తేలతాయి. పూర్తిగా తిప్పకుండా సగంలో ఆపితే తగ్గుతున్నాయి. ఇంకోటి, పొద్దు దిగాక డోర్లలో పడమటి ఆకాశం పడుతుంది, నేనూ అందులో నిలువునా పడతాను. నల్ల చొక్కాతో కొంత నయం. టైమర్ పెట్టి పక్కకు తప్పుకుంటే ఇంకా నయం, కానీ చేతులెత్తి తీసేటప్పుడు అది కుదరదు.

ఇప్పుడు ఆలోచన ఏంటంటే, బావ దగ్గర ట్రాక్టర్ ట్రక్కు ఉంది. కోత అయిపోయి మడి గట్టిపడింది, ట్రక్కు సులువుగా దిగుతుంది. దాని పలక నేల నుంచి ఒక మీటరు అనుకుంటే, పైన నిలబడి చేతులెత్తితే రోడ్డు మట్టానికి 245. గీత 200 దగ్గర పడాలి, రూఫు మీద యాభై సెంటీమీటర్ల నీళ్లు. మరీ పైనుంచి చూస్తే కారు పొట్టిగా కనపడుతుందేమోనని ఒక అనుమానం ఉంది గానీ, 18 మీటర్ల దూరం కాబట్టి కోణం పెద్దగా తేడా రాదనిపిస్తోంది.

ఇది కుదిరాక చీమకుర్తి వెళ్లాలి. కోసి పేర్చిన గెలాక్సీ గ్రానైట్ దిమ్మెల ముందు, యార్డు వాళ్ల అనుమతి తీసుకుని. నల్లరాయి ముందు ముదురు నీలం కలిసిపోయే ప్రమాదం ఉంది, కాబట్టి దిమ్మెల వరస రూఫు కంటే తక్కువ ఎత్తున్న చోటు వెతకాలి. అక్కడ 60 సెంటీమీటర్ల ఎత్తు పనికొస్తుంది.

బావకి ఫోన్ చేశాను, ఆదివారం సాయంత్రం ట్రక్కు ఇస్తానన్నాడు. కాపలా ఆయన్ని ఏరేటర్లు, అంటే గుంట నీళ్లలో గాలి కలిపే చక్రాలు, ఎన్నింటికి వేస్తాడో అడగాలి. అవి తిరగడం మొదలైతే నీళ్లలో ఆకాశం ఉండదు.