నాలుగా, ఎనిమిదా?

పదకొండు దాటింది, ఇంట్లో అందరూ పడుకున్నారు. మేనల్లుడి మాటే ఇంకా చెవిలో గిరగిరా తిరుగుతోంది. "మావయ్యా, ఎకోబూస్ట్ తీసుకుని ట్యూన్ కొట్టిస్తే వీ8 అంత అయిపోద్దట కదా?" ఎవడు చెప్పాడ్రా అంటే వీడియోలో చూశాడట. వాడుండేది అమెరికాలో, డల్లాస్‌లో.

ఫోర్డ్ వాళ్ల మస్టాంగ్ కారు కొంటాడట. ఇప్పుడొచ్చే బండికి రెండు ఇంజిన్లు. ఒకటి ఈ ఎకోబూస్ట్, 2.3 లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో, 315 హార్స్‌పవర్. రెండోది జీటీ అనే ఖరీదైన రకంలో వచ్చే 5.0 లీటర్ల వీ8, అంటే ఎనిమిది సిలిండర్లది, 480. మధ్యలో ఉన్న 165 గుర్రాల్ని సాఫ్ట్‌వేర్‌తో పుట్టించేస్తాడట మావాడు!

ఆ ట్యూన్ చేసేది ఏటంటే, టర్బో ఇంజిన్‌లోకి తోసే గాలి ఒత్తిడిని పెంచడం. పెరిగిన బలం ముందుగా కనబడేది తక్కువ ఆర్పీఎంలోనే, అంటే ఇంజిన్ నిమిషానికి తక్కువ చుట్లు తిరిగేటప్పుడే. ఆరో గేరులో 1,500 మీద నడుస్తూ, గేరు దించకుండా యాక్సిలరేటర్ నేలకి తొక్కితే ఒక్కోసారి సిలిండర్‌లో పెట్రోలూ గాలీ కలిసిన మిశ్రమం స్పార్కు కోసం ఆగదు, ముందే అంటుకుంటుంది. పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే నెత్తి మీద దెబ్బ. రింగుల మధ్య గట్టు విరుగుతుంది, లేదా కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. కంపెనీ ఇచ్చిన 5 ఏళ్లు లేదా 60,000 మైళ్ల వారంటీ ఉంది కదా అంటాడు. ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ ఈసీయూలో ప్రోగ్రాం మార్చిన ఆనవాలు ఉండిపోతుందిరా నాయనా! షోరూం వాడు కేబుల్ పెట్టి చూశాడంటే ఆ ఇంజిన్ ఖర్చు నీదే.

పెట్రోలు సంగతి ఇంకోటి. అక్కడి బంకులో 87 ఆక్టేన్ అని రాసి ఉన్నది మన లెక్కలో 91తో ఇంచుమించు సమానం, లెక్కకట్టే పద్ధతి వేరు అంతే. ఆ 315 అన్న అంకె 93 పోసినప్పుడు వచ్చేది. డబ్బులు మిగుల్తాయని 87 పోస్తే ఇంజిన్ చెడిపోదు, తనంతట తానే స్పార్కు టైమింగ్ వెనక్కి లాక్కుని బలం తగ్గించుకుంటుంది. మిగుల్చుకోడానికి 87 పోసేవాడికి ట్యూన్ ఎందుకో నాకర్థం కాదు.

అన్నిటికన్నా ఒళ్లు మండేది చప్పుడు. మొన్నటి మోడల్ ఎకోబూస్ట్‌లో ఇంజిన్ గర్జనని స్పీకర్లలోంచి కలిపి వినిపించేవారు. పాటలు వినే డబ్బాలోంచి ఇంజిన్ చప్పుడేటి? జీటీ తీసుకో, నోరు మూసుకో అని ఫోన్ పెట్టేశాను.

పెట్టేశాక మన పాత కాంటెస్సా కారు గుర్తొచ్చింది. 1984లో హిందుస్థాన్ మోటార్స్ దించినప్పుడు ఆ పొడుగాటి బోనెట్ కింద ఉన్నది అంబాసిడర్ 1.5 ఇంజినే, 50 హార్స్‌పవర్ ఉంటే గొప్ప. సిరిమానుకి ఒక్క దూడని కట్టినట్టు. విజీనారంలో కంటోన్మెంట్ వైపు షెడ్డుకి ఒక రైస్‌మిల్లు సావుకారు బండి వచ్చేది. అయిదుగురితో ఎస్.కోట దాటి అనంతగిరి ఘాటు ఎక్కిందంటే రెండో గేరే, వేడి చూపించే సూది ఎర్రగీతకి అంటుకునేది. మేస్త్రీ తడి గోనెసంచి నాలుగు మడతలు వేసి రేడియేటర్ మూత మీద కప్పి, పావు మలుపు తిప్పి ఆగేవాడు. ఆవిరి బుస్సుమని పోయాకే మిగతా మలుపు. ఇంజిన్ ఆపకుండానే కొంచెం కొంచెంగా నీళ్లు పోయాలి, ఒక్కసారి చన్నీళ్లు కుమ్మరిస్తే హెడ్ పగుల్తుందని చివాట్లు పెట్టేవాడు. స్క్రూడ్రైవర్ మొన రాకర్ కవర్ మీద, పిడి చెవికి ఆనించి ఏ ట్యాపెట్ వదులైందో చెప్పేసేవాడు. తర్వాత ఇసుజు 1.8 ఇంజిన్ వచ్చింది, 88 హార్స్‌పవర్, అయిదు గేర్లు. అదే రేకు, అవే సీట్లు, బండి మాత్రం వేరే. అదే ఘాటు మూడో గేరులో లాగేసింది.

ఇది తల్చుకుని, చూశావా, పెద్ద ఇంజిన్‌దే గెలుపు అనుకున్నాను. కానీ కాదు. ఆ ఘాటులో కాంటెస్సాని గట్టెక్కించింది 88 అన్న అంకె కాదు, మన కాలు ఉండే ఆర్పీఎంలో ఇంజిన్‌కి ఉన్న లాగుడు. మావాడి కాలు ఎక్కడుంటుంది? పొద్దున్నా సాయంత్రం ఆఫీసు ట్రాఫిక్‌లో, 3,000 దాటదు. వీ8 తన 480ని ఇచ్చేది 7,000 దాటాక. టర్బో 475 న్యూటన్ మీటర్ల టార్క్‌ని, అంటే ఆ లాగుడుని, 3,000 దగ్గరే చేతిలో పెడుతుంది. తొక్కాక ఒక్క క్షణం ఆలోచిస్తుంది, అంతే. ముక్కు మీద బరువూ తక్కువే, వంపుల్లో బండి చులాగ్గా తిరుగుతుంది. గ్యాలన్‌కి జీటీ ఆటోమేటిక్ సగటున 18 మైళ్లిస్తే ఇది 26. జీటీకి ఆయిల్ మార్చిన ప్రతిసారీ తొమ్మిదిన్నర లీటర్లు పోయాలి, ప్లగ్గులు ఎనిమిది. వాడి అవసరానికి ఎకోబూస్టే సరి, ట్యూన్ జోలికి పోకుండా ఉంటే.

ఇంతలో ఇంకో మెలిక. ఫోన్ పెట్టేముందు "క్లచ్ లేకపోతే నడిపినట్టే ఉండదు మావయ్యా" అన్నాడు. 2024 మోడల్ నుంచి ఎకోబూస్ట్‌కి పది గేర్ల ఆటోమేటిక్ ఒక్కటే. క్లచ్ కావాలంటే జీటీకే వెళ్లాలి, లేదా 2015-2023 మధ్య ఎకోబూస్ట్ సెకండ్ హ్యాండ్‌లో చూసుకోవాలి. ఈ మాట మొదట చెప్పుంటే గంటసేపు ఇంజిన్ల గొడవే ఉండేది కాదు!

పాతదైతే పెర్ఫార్మెన్స్ ప్యాకేజీ ఉన్నదే వెతకమని రాశాను. పెద్ద రేడియేటర్, జీటీ బ్రేకులు వస్తాయి, డల్లాస్ ఎండకి ఆ రేడియేటర్ చాలా ముఖ్యం. ఆ ఏళ్ల ఇంజిన్‌లో పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకే చిమ్ముతుంది, గాలి లోపలికొచ్చే ఇన్‌టేక్ వాల్వులు కడగబడవు, మసి గడ్డకడుతుంది. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి ఐడ్లింగ్ వణుకుతోందేమో చూడాలి. అమ్మేవాడు ముందే వేడి చేసి ఉంచితే ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయాలి. సైలెన్సర్‌లో తెల్లపొగ ఆగకుండా వస్తున్నా, కూలెంట్ మట్టం గీత కింద ఉన్నా బేరం ఆడొద్దు. మూడో గేరులో 2,000 నుంచి మెల్లగా తొక్కుతూ పోతే ఎక్కడా తడబడకుండా లాగాలి. ఆయిల్ బిల్లులు అడగాలి, 5,000 మైళ్లకి ఒకసారైనా మార్చి ఉండాలి.

జీటీయే అంటావా, ముందు ఇన్సూరెన్స్ ఎంతో కనుక్కుని నాకు చెప్పు, తర్వాత మాట్లాడుకుందాం.