పెద్ద గెకో పెట్టెలో పిల్ల గెకోను ఉంచవద్దు

పోయిన వారం రాయగడ నుంచి మా పిన్ని కొడుకు ఫోన్ చేసి, కొత్తగా తెచ్చుకున్న పిల్ల లెపర్డ్ గెకోను (పెంచుకునే మచ్చల బల్లిని) ఇంట్లో ఇదివరకే ఉన్న పెద్దదాని పెట్టెలో వదలవచ్చా అని అడిగాడు. “రెండూ ఆడవేనట అన్నయ్యా, ఒక్కటే ఉంటే దిగులు పడదా?” అన్నాడు. ఆ జాలి నాకు బాగా తెలుసు. మూడేళ్ల కిందట పర్లాకిమిడిలో మా ఇంటి వెనుక గదిలో అదే జాలితో నేను చేసిన పొరపాటును వాడికి చెప్పినట్టే ఇక్కడ కూడా రాస్తున్నాను.

అప్పట్లో నా దగ్గర గౌరి అనే పెద్ద ఆడ గెకో ఉండేది. దాని బరువు 61 గ్రాములు. చిట్టి అని పిలుచుకున్న రెండవది 19 గ్రాములే. మూడడుగుల పెట్టె రెండింటికీ చాలుతుందనుకున్నాను. అవి ఒకదాని మీద ఒకటి పడుకుంటే స్నేహం కుదిరిందని మురిసిపోయి ఫోటోలు కూడా తీశాను. అది స్నేహం కాదు, వెచ్చని చోటు కోసం పోటీ. గెకో తిన్నది అరగాలంటే పొట్ట కింద వెచ్చదనం ఉండాలి. పెద్దది ఆ చోటును పట్టుకుని కూర్చుంటే చిన్నది చల్లని మూలకు చేరుతుంది, తిన్నది ఒంటికి పట్టదు, నాలుగు రోజులకు తినడమే మానేస్తుంది. వంటింటి త్రాసు మీద చిట్టి బరువు పదకొండు రోజుల్లో 19 నుంచి 16 గ్రాములకు పడిపోయింది. కొత్త చోటు కదా, అలవాటు పడుతుందిలే అనుకున్నాను.

పన్నెండవ రాత్రి పెట్టెలో చప్పుడైతే టార్చి వేసి చూశాను. టైలు మీద చిట్టి తోక ఒక్కటే వానపాములా మెలికలు తిరుగుతోంది. చిట్టి నీళ్ల గిన్నె వెనుక, గోడకు ఒళ్లు అదిమి, కళ్లు మూసుకుని ఉంది. తోక తెగిన చోట నెత్తురు పెద్దగా లేదు కానీ, చర్మం అంచు ఎర్రగా తడితడిగా ఉంది. గెకో కొవ్వును దాచుకునేది తోకలోనే. అసలే చిక్కిపోయిన ప్రాణికి ఉన్న నిల్వ కూడా పోయింది.

మా పక్కింటి ఒడియా పెద్దావిడ దీనిని కూడా ఝిటిపిటి (బల్లి) అనే అంటారు. నిజమే, ఇది మన గోడబల్లికి చుట్టమే. ట్యూబ్‌లైటు దగ్గర పెద్ద బల్లి చిన్న బల్లిని మింగడం మనలో చాలామంది చూసే ఉంటారు. అయితే గోడబల్లి పిల్లకు కప్పు దాకా పారిపోయే దారి ఉంటుంది. లెపర్డ్ గెకో వేళ్లకు అతుక్కునే మెత్తలు లేవు కనుక అది గాజు గోడ ఎక్కలేదు. పెట్టె నేల ఎంతో దానికి లోకమూ అంతే. గుడ్డు నుంచి వచ్చినప్పుడు సుమారు 3 గ్రాములుండే పిల్లను పెద్ద గెకో ఆహారంగానే చూడవచ్చు.

“ఆడవేనట” అన్న మాటను కూడా నమ్మడానికి లేదు. కొన్ని నెలలు నిండి, వెనుక కాళ్ల మధ్య ఇంగ్లిషు V ఆకారంలో ఉండే రంధ్రాల వరుస తేటపడే దాకా మగదో ఆడదో తేల్చలేము. రెండు మగవైతే గాయపడే దాకా పోట్లాడుకుంటాయి. మగదానితో పెరిగిన ఆడది ఒళ్లు ముదరకముందే గుడ్లు పెట్టి, ఎముకల్లోని కాల్షియం కోల్పోతుంది.

కనుక వేర్వేరు పెట్టెలే మార్గం. పెట్టెలను పక్కపక్కన పెడితే మధ్య అట్ట అడ్డు పెట్టాలి, ఎందుకంటే పెద్దది నిత్యం కంటి ఎదుట కనిపించడం కూడా పిల్లకు బెదురే. పిల్లకు ప్లాస్టిక్ డబ్బా చాలు. సోల్డరింగ్ ఐరన్‌తో పక్కల గాలి రంధ్రాలు చేసి, అడుగున పేపర్ టవల్ పరిచి, ఒక కొసన థర్మోస్టాట్ (వేడిని అదుపు చేసే పరికరం) ఉన్న హీట్ మ్యాట్‌తో, అంటే కరెంటుతో వేడెక్కే పరుపుతో, 32 డిగ్రీలు, రెండవ కొసన 25 ఉండేలా చూడాలి. కుబుసం విడవడానికి తేమ చోటుగా నేను పగిలిన కుండ సగాన్ని బోర్లించి లోపల తడి గుడ్డ పెడతాను. కొన్న వాటికన్నా ఇదే నాకు నచ్చింది. మే నెలలో మా వైపు గదే వేడెక్కిపోతుంది కనుక మ్యాట్ అవసరమే ఉండదు.

కొత్తదాన్ని రెండు మూడు నెలలు వేరే గదిలో ఉంచడం మరీ ముఖ్యం. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి మలం ద్వారా అంటుకుని, తోకను పుల్లలా చేసి చంపుతుంది. నమ్మదగిన మందు లేదు, మామూలు క్రిమిసంహారకాలకు అది లొంగదు. అందుకే పట్టకారు, గిన్నె వేరుగా ఉండాలి. ముందు పాతదానికి మేత వేసి, ఆ తరువాతే కొత్తదాని దగ్గరికి వెళ్లాలి. కళ్ల మధ్య ఎడం కన్నా లావు పురుగు వేయకూడదు. తినని కీచురాళ్లను రాత్రికి తీసేయాలి, లేకపోతే అవే గెకోను కొరుకుతాయి.

చిట్టి ఇప్పుడు 54 గ్రాములు. కొత్త తోక పొట్టిగా, ముల్లంగి దుంపలా ఉంది, మచ్చలు పాత తోక మీదున్నట్టు రాలేదు. తమ్ముడు ఆదివారం వస్తానన్నాడు. రంధ్రాలు చేసిన డబ్బా ఒకటి వాడి కోసం సిద్ధంగా ఉంచాను. థర్మోస్టాట్ మాత్రం వాడే కొనుక్కోవాలి.