ముక్కు లేని డాల్ఫిన్ కోసం చిలికాకి నాలుగో ట్రిప్పు

నా నోట్‌బుక్ లెక్క ప్రకారం మొదటి ట్రిప్పులో సున్నా. రెండోసారి రెండు వీపులు, అందులో ఒకటి కొట్టుకొస్తున్న దుంగ అయినా అయ్యుండొచ్చు. మూడోసారి ఐదారు. మొన్న జనవరిలో నలభై నిమిషాల్లో ముప్పై ఒకటి. అంటే ముప్పై ఒక్క డాల్ఫిన్లు అని కాదు, ముప్పై ఒక్కసార్లు నీటిపైకి రావడం. అవే నాలుగైదు మళ్లీ మళ్లీ లేస్తుంటాయి. ఒడిశాలోని చిలికా సరస్సు మొత్తం మీద ఉన్నవే నూట యాభై, అటూ ఇటూ. బోటు దిగి "యాభై చూశాం" అనే వాళ్లంతా ఇలా లెక్కపెట్టినవాళ్లే.

ఈ పిచ్చి ఎందుకు పట్టిందో కూడా చెప్పాలి. మాది విశాఖపట్నం. మా హార్బర్‌లో 1852లో దొరికిన ఒక డాల్ఫిన్ ఆధారంగానే రిచర్డ్ ఓవెన్ 1866లో ఈ జాతి గురించి రాశాడు, 'బ్రెవిరోస్ట్రిస్' అని పేరు పెట్టాడు, పొట్టి ముక్కుది అని అర్థం. పొట్టి ముక్కేంటి, అసలు ముక్కే కనపడదు, గుండ్రటి బోడి తల. ఆ హార్బర్ పక్కనున్న కొండేమో డాల్ఫిన్స్ నోస్! మా ఊళ్లో దొరికిన జీవికి జనంలో ఇరావడీ డాల్ఫిన్ అని బర్మా నది పేరు స్థిరపడింది, దాన్ని నమ్మకంగా చూడాలంటే మేం ఒడిశా రైలెక్కాలి.

మొదటిసారి చేసిన తప్పు చాలామంది చేసేదే. మెయిన్ లైన్ మీదే ఉంది కదా అని బాలుగావ్‌లో దిగిపోయి బర్కుల్ నుంచి బోటు ఎక్కాను. కాళీజాయి గుడి చూశాం, బోలెడు బాతులు చూశాం, డాల్ఫిన్ల ఊసే లేదు. సరస్సు వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైనే ఉంటుంది, అవి మాత్రం ఎక్కువగా సముద్రంలోకి వెళ్లే కాలువ వైపు, సాతపడా దగ్గర తిరుగుతాయి. కాబట్టి పూరీలో రాత్రి పడుకుని తెల్లవారకముందే కారులో బయల్దేరండి, యాభై కిలోమీటర్లు. బోటు రేటు గంటల లెక్కన, మొత్తం బోటుకి. మనిషికింత కాదు, కాబట్టి ఇద్దరే వెళ్తే భారం, ఐదారుగురు కలిస్తే పర్లేదు.

రెండోసారి సాతపడాకే వెళ్లాను గానీ పదకొండింటికి వెళ్లాను. అప్పటికే గాలి లేచి, నీళ్ల మీద చిన్న చిన్న నురగలు. ప్రతి నురగా రెక్కలాగే కనిపిస్తుంది. పైగా బోటతను గంటన్నర కాలాన్ని ఒక ఇసుక తిన్నె దగ్గర మింగేశాడు, అక్కడ ఎర్ర పీతలు చూపిస్తారు, ఆల్చిప్ప పగలగొట్టి మీ కళ్లముందే ముత్యం తీసి అమ్ముతారు. నేను కొన్నాను. ఇంటికొచ్చాక మా ఆవిడ దాన్ని గోరుతో గీకితే పొర ఊడింది, ఇక చాలు ఆ సంగతి. ఎక్కే ముందే "డాల్ఫిన్లు మాత్రమే, ఎక్కడా ఆపొద్దు" అని తేల్చుకోండి.

అసలు తేడా తెచ్చింది మా అమ్మ. ఆమెది ఇచ్ఛాపురం, ఒడియా బాగా వచ్చు. ఈసారి సరదాగా వస్తానంటే తీసుకెళ్లాను. ఏడు దాటింది, నీళ్లు నూనెలా కదలకుండా ఉన్నాయి. దూరంగా ఒక రెక్క కనపడగానే మా బోటుతో పాటు ఇంకో మూడు బోట్లు భటభటమంటూ దానివైపు దూకాయి, అది మాయం. ఎప్పుడూ జరిగేది ఇదే. అమ్మ చెవులు మూసుకుని, "బాబూ, మెషిన్ టికె బంద కర" అంది. ఇంజన్ ఆగింది. మిగతా బోట్లు వెళ్లిపోయాయి.

ఆరేడు నిమిషాలు ఏమీ లేదు. బోటతను బీడీ వెలిగించాడు. అప్పుడు వెనకనుంచి 'ఫుస్స్' అని ఒక శబ్దం, కుక్కర్ ఆవిరి ఆఖరున వదిలినట్టు. తిరిగి చూస్తే పది పన్నెండు మీటర్లలో బూడిద గుమ్మడికాయలాంటి తల, వెంటనే వీపు, వీపు మధ్య దాటాక బొటనవేలి కొసలా మొద్దుగా ఉన్న చిన్న రెక్క. అంతే, నెమ్మదిగా ముందుకు వంగి మునిగింది. ఈ జాతి టీవీలో చూపించే డాల్ఫిన్లలా గాల్లోకి ఎగిరి పల్టీలు కొట్టడం చాలా అరుదు, అలాంటివి ఆశించి వెళ్తే నిరాశే. అమ్మ మాత్రం "ఎవరో ముసలాయన నిట్టూర్చినట్టుంది" అని పక్కకి జరిగి కూర్చుంది.

ఇంజన్ ఆపడం మన సౌకర్యం కోసమే కాదు. ఇక్కడ ఇవి చనిపోయే కారణాల్లో వలల్లో చిక్కుకోవడంతో పాటు బోటు ఫ్యాన్ దెబ్బలూ ఉన్నాయి. నేను తీసిన ఒక ఫొటోలో రెక్క వెనక అంచు రెండు చోట్ల తెగి ఉంది. పరిశోధకులు ఇలాంటి గాట్లతోనే ఒక్కోదాన్ని గుర్తుపడతారు, నేనూ 'గాట్లది' అని రాసుకున్నాను, ఆ పొద్దున తొమ్మిదిసార్లు లేచింది అదే.

సామాన్ల సంగతి. బైనాక్యులర్ ఎనిమిది రెట్లది చాలు, పది రెట్లది ఊగే బోటులో తల తిప్పిస్తుంది. కెమెరా షటర్ 1/2000 పెట్టి, తల కనపడ్డాక నొక్కడం మానేసి, శబ్దం వచ్చిన వైపు ముందే గురిపెట్టి ఉంచుతున్నాను, అయినా వంద ఫొటోల్లో ఎనభై ఉత్త నీళ్లే. చిల్లర నోట్లు, టోపీ, గాలి చొరబడని జాకెట్ తప్పనిసరి. బోటులో టాయ్‌లెట్ ఉండదు, అమ్మని తీసుకెళ్లేటప్పుడు ఇది ముందు ఆలోచించాల్సింది, నేను ఆలోచించలేదు, దాంతో మూడు గంటల బోటు రెండున్నరకే ఒడ్డుకొచ్చింది.

ఫిబ్రవరిలో మళ్లీ వెళ్తున్నా. అదే బోటతన్ని మాట్లాడుకున్నాను, ఫోన్ చేస్తే "అమ్మ వస్తుందా?" అని ముందు అదే అడిగాడు.