చిన్న కాలేజీ చదువు, డిగ్రీ చేతికొచ్చాక

షికాగో పక్కనున్న మా నేపర్‌విల్ చుట్టుపక్కల మార్చి నెలాఖరుకి తెలుగువాళ్లు ఎక్కడ కలిసినా ఒకటే ముచ్చట. మీవాడికి ఎక్కడొచ్చింది, ఇల్లినాయ్ యూనివర్సిటీ అర్బానాలో కంప్యూటర్ సైన్స్ దొరికిందా, పర్డ్యూలో సీటొచ్చిందా. 2018లో మా అమ్మాయి కార్లటన్ కాలేజీకి వెళ్తోందని చెప్తే ఆ పేరు ఎవరూ విన్నట్టు లేదు. "కమ్యూనిటీ కాలేజీయా వదినా?" అని ఒకావిడ మర్యాదగానే అడిగింది, ఎవరైనా చేరగలిగే రెండేళ్ల లోకల్ కాలేజీ అనుకుని. ఆమెను తప్పుపట్టలేం. మన వాళ్లకు అమెరికా యూనివర్సిటీల పేర్లు తెలిసింది ఎంఎస్‌కి వచ్చినందువల్ల. ఎంఎస్‌లే లేని కాలేజీ పేరు మన దాకా ఎట్లా వస్తుంది?

కార్లటన్ మిన్నెసోటాలోని నార్త్‌ఫీల్డ్ అనే ఊళ్లో ఉంది. మినియాపొలిస్‌కి దక్షిణంగా గంట లోపు ప్రయాణం. 1866లో పెట్టిన కాలేజీ, మొత్తం విద్యార్థులు సుమారు రెండు వేలు. ఆ ఊరు తన గురించి "ఆవులు, కాలేజీలు, సంతృప్తి" అని చెప్పుకుంటుంది. గాలి అటు తిరిగితే సెరియల్ ఫ్యాక్టరీ నుంచి తియ్యటి వాసన వస్తుంది. ఫిజిక్స్ చదివినా, కంప్యూటర్ సైన్స్ చదివినా అక్కడ ఇచ్చేది బీఏనే. హైదరాబాద్‌లో ఉన్న మా అత్తమ్మకు ఆ బీఏ అన్న మాట మింగుడు పడటానికి చాలా రోజులు పట్టింది. ఆమె కాలంలో ఇంజనీరింగ్ రాని పిల్లలు చదివేది బీఏ.

మేం ఆ కాలేజీకి ఒప్పుకోవడానికి కారణం మా బిడ్డ స్వభావం. వేల మంది ఉన్న హైస్కూల్లో నాలుగేళ్లు వెనక బెంచీలో కూర్చుని, మంచి మార్కులు తెచ్చుకుని, ఒక్క టీచర్‌తోనూ మనసు విప్పి మాట్లాడకుండా బయటికొచ్చిన పిల్ల. పెద్ద యూనివర్సిటీకి వెళ్తే అక్కడా అట్లాగే నాలుగేళ్లు గడిపేస్తుందని నాకు భయం. మనలో చాలామందిమి ఎంఎస్ రోజుల్లో టీఏలుగా, అంటే ప్రొఫెసర్లకి సహాయకులుగా, పనిచేసిన వాళ్లమే. రెండు వందల మంది క్లాసుకి హోంవర్కులు దిద్దింది, వారానికోసారి డిస్కషన్ సెక్షన్ నడిపింది మనమే. మన సొంత పరీక్షల టెన్షన్‌లో ఉంటూ ఏ పిల్ల వెనకబడుతోందో చూసే తీరిక మనకెక్కడిది? కార్లటన్‌లో టీఏలకు వదిలేసే క్లాసులుండవు. పాఠం చెప్పిన ప్రొఫెసరే పేపరు దిద్దుతారు. చాలా క్లాసులు ఇరవై మంది లోపే. టర్మ్‌కి పది వారాలు, మూడే సబ్జెక్టులు. మూడో రోజుకల్లా పేరు పెట్టి పిలుస్తారు, నాలుగో రోజు రాకపోతే ఎందుకు రాలేదని అడుగుతారు.

ఇక డబ్బు సంగతి. దీని గురించి మన వాళ్లు బయటికి మాట్లాడరు, కానీ మాట్లాడాలి. ఇట్లాంటి కాలేజీల ఖర్చు ఇప్పుడు కాగితం మీద ఏడాదికి 80,000 డాలర్లు దాటింది. చేర్చుకున్న పిల్లలకి కుటుంబ స్తోమతను బట్టి లెక్కగట్టి ఎంత తక్కువ పడితే అంతా సాయంగా ఇస్తామని కార్లటన్ చెప్తుంది, ఇస్తుంది కూడా. కానీ ఆ లెక్క వాళ్లది. ఇద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసే ఇంటికి వచ్చేది తక్కువ, చాలాసార్లు ఏమీ రాదు. మెరిట్ స్కాలర్‌షిప్ కావాలంటే గ్రిన్నెల్, మెకాలెస్టర్ లాంటి కాలేజీలు చూడాలి. ప్రతి కాలేజీ వెబ్‌సైట్‌లో సాయం పోను మనం కట్టాల్సింది సుమారుగా ఎంతో చూపే నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ ఉంటుంది, 2011 నుంచి చట్టం ప్రకారం పెట్టి తీరాలి. దరఖాస్తు చేసేముందే పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని ఆ అంకెలు వేసి చూడండి. సీటొస్తే తప్పక చేరతామని ముందే మాటిచ్చే ఎర్లీ డెసిషన్‌లో వేస్తే సీటు వచ్చాక వేరే ఆఫర్లతో పోల్చుకునే వీలుండదు, కాబట్టి ఆ లెక్క ఇంకా ముందే తేలాలి. తల్లిదండ్రుల హెచ్-1బీ వీసాని బట్టి వచ్చే హెచ్-4 మీదున్న పిల్లలకి ఫెడరల్ సాయం రాదు, చాలా కాలేజీలు వాళ్లని ఇంటర్నేషనల్ విద్యార్థుల కిందే చూస్తాయి. పైగా 21 నిండితే హెచ్-4 పోతుంది, స్టూడెంట్ వీసా ఎఫ్-1కి మారాలి. ఆ కుటుంబాలు అడ్మిషన్ ఆఫీసుకి ముందే రాసి, జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోవడం మంచిది.

మాకు సాయం కొంత వచ్చింది, మిగతాది మా ఆయనా నేనూ ఇంటి రిపేర్లు వాయిదా వేసుకుని కట్టాం.

ఆ కాలేజీ క్యాలెండర్‌లో నాకు బాగా నచ్చింది డిసెంబర్ సెలవు. ఫాల్ టర్మ్ నవంబర్ చివర్లో వచ్చే థ్యాంక్స్‌గివింగ్‌కి ముందే అయిపోతుంది, మళ్లీ క్లాసులు జనవరిలోనే. మొదటి రెండేళ్లూ ఆ సెలవుల్లో మా అమ్మాయి నల్గొండ జిల్లాలోని మా ఊళ్లో అమ్మమ్మ దగ్గరే ఉంది. మాతో వచ్చినప్పుడు పెళ్లిళ్లు, షాపింగ్‌తోనే సరిపోయేది. ఒక్కతే వెళ్లినప్పుడు ఊరు చూసింది. మా అమ్మ మోకాళ్లు ముడవలేదు, పీట మీద కూర్చోలేదు. మా ఈడు వాళ్లకు ఆ ఊళ్లో చాలామందికి గార పళ్లు. ఇదంతా బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ అని మాకు చిన్నప్పటి నుంచీ తెలుసు, తెలిసీ అవే తాగాం. ఇప్పుడు మిషన్ భగీరథ నల్లాల్లో కృష్ణా నీళ్లు వస్తున్నాయి. కానీ పొలాల్లో బోర్లు అవే.

2019 డిసెంబర్‌లో అక్కడి నుంచి ఫోన్ చేసి, "అమ్మా, నల్గొండ టెక్నిక్ అంటే నీకు తెలుసా?" అనడిగింది. నాకు తెలియదు. నాగపూర్‌లోని నీరి అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1970ల్లో తయారుచేసిన పద్ధతట. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ నీళ్లలో కలిపితే ఫ్లోరైడ్ మడ్డితో పాటు అడుక్కి దిగుతుంది, పైన తేట నీళ్లు వాడుకోవచ్చు. మా జిల్లా పేరుతో ప్రపంచమంతా చదువుకునే పద్ధతి గురించి నా బిడ్డ నాకు చెప్పింది. కార్లటన్‌లో మేజర్ ఎంచుకునేది రెండో ఏడాది వసంతంలో. అప్పటికి కోవిడ్‌తో క్యాంపస్ మూసేశారు, మా డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని జియాలజీ అని నింపి పంపింది. మొదటి రోజే కంప్యూటర్ సైన్స్ అని రాసి చేరాల్సి వచ్చి ఉంటే ఆ పిల్ల రాళ్లను, నీళ్లను ముట్టుకునేదే కాదు.

2022 జూన్‌లో డిగ్రీ చేతికొచ్చింది. ఉద్యోగం లేదు. మన పిల్లలు చాలామందికి అంతకుముందు అక్టోబర్‌లోనే ఆఫర్ లెటర్లు వచ్చేశాయి. పెద్ద కంపెనీలు బస్సులేసుకుని రెండు వేల మంది కాలేజీకి రావు, ఇది ముందే తెలుసుకుని వెళ్లాలి. అరోరా బాలాజీ గుడిలో ప్రసాదం దగ్గర నిలబడితే "పాప ఏం చేస్తోంది?" అన్న ప్రశ్న తప్పదు. ఇంట్లో ఉంది అని చెప్పేదాన్ని. ఆ వేసవి మా ఇంట్లో అందరికీ కష్టంగా గడిచింది. మా ఆయన రాత్రిపూట కోడింగ్ బూట్‌క్యాంప్‌ల గురించి వెతికేవాడు. ఆమె మాత్రం పొద్దున్నే లేచి, తనకన్నా ఇరవై ముప్పై ఏళ్లు పెద్దవాళ్లయిన పూర్వ విద్యార్థులకి మెయిళ్లు రాసేది. నోరు విప్పని పిల్ల, ముక్కూమొహం తెలియని వాళ్లతో ఫోన్‌లో అరగంట మాట్లాడి, "మీ పనిలో మీకు నచ్చనిదేంటి?" అని అడగడం వంటింట్లోంచి విన్నాను. కార్లటన్‌లో చివరి ఏడాది అందరూ కాంప్స్ అని ఒక పెద్ద ప్రాజెక్టు చెయ్యాలి. ఆమెది ఆగ్నేయ మిన్నెసోటా బావుల్లో నైట్రేట్ మీద. సున్నపురాయి పగుళ్లున్న నేల అది, పైన చల్లిన ఎరువు నేరుగా కిందికి దిగిపోతుంది. ఆ రిపోర్టు చదివిన ఒక పూర్వ విద్యార్థిని తన ఆఫీసులో ఖాళీ ఉందని చెప్పింది. ఆగస్టు చివర్లో సెయింట్ పాల్‌లో ఒక పర్యావరణ కన్సల్టింగ్ సంస్థలో చేరింది.

జీతం, సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితులకి వచ్చినదానిలో సగం. ఇది చదివే తల్లిదండ్రులు ఈ మాట తెలుసుకునే నిర్ణయం తీసుకోవాలి. చేరగానే ప్రమాదకర వ్యర్థాల దగ్గర పనిచేసేవాళ్లకి ఉండే 40 గంటల హాజ్‌వోపర్ ట్రైనింగ్ చేయించారు. ఒకసారి మేం వెళ్లినప్పుడు తన పని ఎట్లా ఉంటుందో చెప్పింది. బావిలోకి పంపు దించి నీళ్లు తోడుతూ ఉండాలి. ఉష్ణోగ్రత, పీహెచ్, కండక్టివిటీ రీడింగులు మారకుండా నిలకడకి వచ్చేదాకా సీసా నింపకూడదు. నింపాక ఐస్ పెట్టెలో పెట్టి, ఏ సీసా ఏ గంటకి ఎవరి చేతికి వెళ్లిందో ఫారం మీద రాసి సంతకం చెయ్యాలి. ఎక్కడో ఒక్క సంతకం తప్పిపోతే ఆ నీళ్ల పరీక్షకి విలువ లేదు. చలికాలంలో చేతి తొడుగులు తడిసి వేళ్లు మొద్దుబారతాయట. చెప్తుంటే ఆమె గొంతులో విసుగు నాకు వినబడలేదు.

2023 నవంబర్‌లో ఫెడరల్ పర్యావరణ సంస్థ ఈపీఏ, ఆగ్నేయంలోని ఎనిమిది కౌంటీల్లో బావి నీళ్లు తాగేవాళ్లని కాపాడమని మిన్నెసోటా ప్రభుత్వానికి లేఖ రాసింది. లీటరుకి 10 మిల్లీగ్రాముల నైట్రేట్ నైట్రోజన్ దాటితే పసిపిల్లల ప్రాణానికి ప్రమాదం. మా అమ్మాయి కాంప్స్ చేసిన నేల అదే. ఇక ఈ విషయం లోతుగా చదవాలని నిశ్చయించుకుంది. 2024లో మాడిసన్‌లోని విస్కాన్సిన్ యూనివర్సిటీలో పీహెచ్‌డీలో చేరింది. ఇక్కడ మాస్టర్స్ లేకుండానే నేరుగా పీహెచ్‌డీలో చేరొచ్చు, ఫీజు లేదు, స్టయిపెండ్ ఇస్తారు. సిఫారసు లేఖలు రాసిన ముగ్గురిలో ఇద్దరు కార్లటన్ ప్రొఫెసర్లు. కాలేజీ వదిలిన రెండేళ్ల తర్వాత కూడా ఆమె ఏ ప్రశ్న ఎట్లా అడుగుతుందో వాళ్లకి గుర్తుంది. పరిమాణంతో పోల్చి చూస్తే తర్వాత పీహెచ్‌డీ చేసే పిల్లల్ని ఎక్కువగా పంపే కాలేజీల్లో కార్లటన్, స్వార్త్‌మోర్, రీడ్ ముందు వరసలో ఉండడానికి ఇదొక కారణమని నా నమ్మకం.

అందరికీ చిన్న కాలేజీయే మంచిదని నేననను. మా మరిది కొడుకు పదో తరగతి నుంచే ప్రోగ్రాములు రాస్తున్నాడు, వాడికి అర్బానాయే సరైన చోటు, వాడు అక్కడ సంతోషంగా ఉన్నాడు. ఏం కావాలో ఇంకా తేలని పిల్లలు, పెద్ద గుంపులో మాట పెగలని పిల్లలు ఉన్న ఇళ్లవాళ్లు నన్నడిగితే, క్యాంపస్ టూర్‌తో సరిపెట్టుకోవద్దని చెప్తాను. పిల్లకి ఇష్టమున్న డిపార్ట్‌మెంట్‌కి వెళ్లి ఒక ప్రొఫెసర్‌ని కలవండి. గత మూడేళ్లలో మీ దగ్గర డిగ్రీ తీసుకుని, తీసుకున్న రోజున ఉద్యోగం లేని పిల్లలు ఇప్పుడెక్కడున్నారని అడగండి. వెబ్‌సైట్ చూడండి అంటే అర్థం చేసుకోండి. పేర్లు బయటపెట్టకపోయినా, ఒకమ్మాయి డులూత్‌లో ఉంది, ఇంకొకబ్బాయి పోయిన వారమే ఫోన్ చేశాడు అని చెప్పగలిగితే, సీటు ఖాయం చేసుకోవడానికి మే 1 లోపు డిపాజిట్ కట్టడం గురించి ఇంటికొచ్చి కూర్చుని మాట్లాడుకోవచ్చు.