వంద వాట్లు, పది కిలోమీటర్లు

క్యాంపస్ జ్ఞాపకాలంటే మనవాళ్లంతా బండరాళ్లు, నెమళ్లు, షాప్‌కామ్‌లో (క్యాంపస్ షాపింగ్ కాంప్లెక్స్‌లో) అర్ధరాత్రి టీల గురించే రాస్తారు. నేను మాత్రం హైదరాబాద్ విశ్వవిద్యాలయం రేడియో ‘బోల్ హైదరాబాద్’ 90.4 ఎఫ్‌ఎం గురించి రాస్తాను. నాకు చదువు అబ్బింది అక్కడే.

మన క్యాంపస్‌లో రేడియో పెట్టడానికి దారి చాలా దూరం నుంచి పడుతూ వచ్చింది. హీరో కప్ క్రికెట్ ప్రసారాల మీద నడిచిన కేసులో 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. గాలిలో తరంగాలు ప్రజల ఆస్తి, ప్రభుత్వానిది ఒక్కదానిదే కాదు అని తేల్చింది. ఆ తీర్పు రాసినవారిలో మన తెలుగువాడైన జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి ఉన్నారు. 2000లో హైదరాబాద్‌లోనూ, జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లోనూ జరిగిన సమావేశం, స్థానిక ప్రజలే నడుపుకునే సామాజిక రేడియోలకు అనుమతులివ్వాలని గట్టిగా అడిగింది. 2002 చివర్లో ప్రభుత్వం దిగివచ్చింది కానీ, విద్యాసంస్థల వరకే. అలా 2004 ఫిబ్రవరి 1న చెన్నైలో అన్నా యూనివర్సిటీ వాళ్ల అన్నా ఎఫ్‌ఎం దేశంలో మొదటి క్యాంపస్ రేడియో అయింది.

అప్పటికే జహీరాబాద్ పక్కన మాచ్‌నూర్‌లో దళిత మహిళలు కార్యక్రమాలు రికార్డు చేసుకుని, అనుమతి లేక సంఘాల్లో క్యాసెట్లు వేసి వినిపించుకుంటున్నారు. 2006లో నిబంధనలు మారాకే వాళ్లకు దారి దొరికింది. 2008 అక్టోబర్ 15న వాళ్ల సంఘం రేడియో గాల్లోకి వచ్చింది. డిగ్రీలున్న మనకు తలుపు ముందు తెరిచి, ఎప్పట్నుంచో సిద్ధంగా ఉన్న వాళ్లను అన్నేళ్లు బయట నిలబెట్టడం అన్యాయమని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. వాళ్లదీ 90.4, మనదీ 90.4. మన స్టేషన్‌కి అక్కగారు చెన్నైలో కాదు, మాచ్‌నూర్‌లో ఉందని నేను అనుకుంటాను. ఈ ఉద్యమంలో ముందు నడిచిన వినోద్ పావరాల గారు మన కమ్యూనికేషన్ విభాగం ఆచార్యులే కావడం మా బ్యాచ్‌లన్నిటి అదృష్టం.

సామాజిక రేడియోకి ప్రసార శక్తి వంద వాట్లు. పాతకాలం పెద్ద బల్బు మీద రాసి ఉండే అంకె అది. యాంటెన్నా ముప్ఫై మీటర్లకు మించకూడదు. ఎంత లాగినా పది కిలోమీటర్లు, కాస్త అటూ ఇటూ. ఆ పది కిలోమీటర్లలో ఐటీ టవర్లతో పాటు గోపన్‌పల్లి, నల్లగండ్ల, లింగంపల్లి, కట్టే ప్రతి అపార్ట్‌మెంట్ పక్కనా పాలమూరు కూలీల రేకుల షెడ్లు ఉన్నాయి. హాస్టల్లో అందరి దగ్గరా లక్ష పాటలున్నాయి, వాళ్లకు మా రేడియో అక్కర్లేదు. అవసరం గోడ అవతల ఉంది.

నల్లగండ్లలో ఒక షెడ్డు దగ్గర, పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా ఒకామె మాతో మాట్లాడింది. ఊరు, ప్రయాణం, బాకీ పడ్డ కూలి, బడి మానేసిన కూతురు అన్నీ చెప్పింది. ఊళ్లో టీసీ తీసుకోలేదని ఇక్కడి బడిలో పిల్లను చేర్చుకోలేదట. ప్రసారానికి ముందు రికార్డింగ్ మనిషికి వినిపించి ఒప్పుకోలు తీసుకోవాలని మా సీనియర్లు పెట్టిన పద్ధతి. మళ్లీ వెళ్లి వినిపించాం. చివరిదాకా విని, “మా మేస్త్రి ఇంటడా ఇది?” అని అడిగింది. వినొచ్చు అన్నాం. “అయితే కూలి ముచ్చట తీసెయ్ బిడ్డా. బడి ముచ్చట ఉంచు” అంది. ఏ మాట బయటికి వెళ్తే తనకేం జరుగుతుందో ఆమె లెక్క ఆమెకుంది. ఎడిటింగ్ గురించి ఏ క్లాసులోనూ నేను అంత నేర్చుకోలేదు.

మా లాంటి స్టేషన్లు సొంతంగా వార్తలు చదవకూడదు. నీళ్లు, కరెంటు, పరీక్షలు, అడ్మిషన్ల సమాచారం మాత్రం చెప్పొచ్చు. ఆమె మాటల వెనకే, టీసీ ఆలస్యమైందన్న కారణంతో అడ్మిషన్ ఆపకూడదని విద్యాహక్కు చట్టంలో ఉన్న సంగతి తెలుగులోనూ, హిందీలోనూ చెప్పాం. ప్రసారమయ్యే వేళకు మళ్లీ అక్కడికి వెళ్లాం. వాళ్ల ఫోన్‌లో ఎఫ్‌ఎం ఉంది కానీ ఇయర్‌ఫోన్ తీగ తగిలించకపోతే స్టేషన్ పట్టదు, ఆ తీగే యాంటెన్నా. మాది ఇచ్చాం. ఆమె ఒక చెవికి, తోటికోడలు ఒక చెవికి పెట్టుకుని విన్నారు. తోటికోడలు, “నీ గొంతు గింత పెద్దగుంటదా!” అంది.

ఈ సంచిక చదివే రేడియో మిత్రులకు ఒక విన్నపం. మీ పాత ల్యాప్‌టాప్‌లలో, పెన్‌డ్రైవ్‌లలో అప్పటి రికార్డింగులు తప్పకుండా ఉంటాయి. ఎడిట్ చేయని ముడి టేపులైనా సరే, అవి పాడైపోకముందే విభాగానికి అందజేయండి. ప్రతి ఫైలు పక్కనా ఊరు, సంవత్సరం, మాట్లాడిన మనిషి దేనికి ఒప్పుకున్నారో, ఏది వద్దన్నారో కూడా రాసి ఇవ్వండి.